రాయనిది జరగనట్టే

యాదగిరి లెక్క ప్రకారం మనిషి బతుకు ఎంత పెద్దదైనా ఒక్క పేజీకి మించకూడదు. మించిందంటే అందులో ఊక ఉన్నట్టే. చింతల్ చౌరస్తాలో తొమ్మిదేళ్లు డీటీపీ సెంటర్ నడిపి, ఎన్ని వేల మందికి బయోడేటాలు కొట్టి ఇచ్చాడో అతనికే తెలియదు. ఎదురు కుర్చీలో కూర్చున్నవాడు, "అన్నా, నేను స్కూల్ల కబడ్డీ కెప్టెన్, మా నాయిన సర్పంచ్‌కి పోటీ చేసిండు" అని మొదలుపెడితే యాదగిరి కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసేవాడు. "కంపెనీవాడు నీ కాగితం చూసేది ఏడు సెకండ్లు. గా ఏడు సెకండ్లల్ల మీ నాయినను ఏడ కూసోబెట్టాలె?" అని అడిగేవాడు.

'బాగా పనిచేశాను' అని రాయనిచ్చేవాడు కాదు. రోజుకు ఎన్ని, నెలకు ఎంత, ఎవరి దగ్గర అని గుచ్చి గుచ్చి అడిగి అంకెలు వేసేవాడు. చదివినవాడు పిలిచి మాట్లాడక తప్పనట్టు చివరి వాక్యం కుదిర్చేవాడు. అతను రాసిన కాగితాలకు ఇంటర్వ్యూ పిలుపు వస్తుందని జీడిమెట్ల దాకా పేరు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఖాళీలు అతకడం ఒక ఎత్తు. ఒకడు జనవరిలో ఒక ఉద్యోగం మాని, మరుసటి ఏడు డిసెంబరులో ఇంకోదాంట్లో చేరాడనుకోండి. నెలలతో సహా రాస్తే మధ్యలో రెండేళ్ల గొయ్యి కనబడుతుంది. నెలలు తీసేసి సంవత్సరాలు మాత్రమే వేస్తే, ఒకటి అయిపోగానే రెండోది మొదలైనట్టు నున్నగా ఉంటుంది. కాగితంలో ఒక్క అబద్ధం లేదు, గొయ్యీ లేదు. యాదగిరికి ఆ పనితనం మీద కాస్త గర్వం కూడా.

డాక్టర్ నీలకంఠం అతన్ని వెతుక్కుంటూ వచ్చింది ఇందుకే. శామీర్‌పేట దాటాక ఒక పరిశోధనశాల ఉంది. నీలకంఠం అక్కడ మెదడు మీద ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న తెనాలి మనిషి. చొక్కా గుండీలు మాత్రం ఇప్పటికీ వరస తప్పి పెట్టుకుంటాడు.

"ఇంటర్వ్యూలో మనిషి తెలియక ఓడిపోడండీ, గుర్తు రాక ఓడిపోతాడు" అన్నాడు ఆయన మొదటి రోజే. "పదేళ్లు చేసిన పనైనా సరే, ఎదురుగా నలుగురు కూర్చుని అడిగేసరికి నోరెండిపోతుంది. ఆ రోజుల్ని మళ్లీ నోటి దాకా తెచ్చిపెట్టే ఏర్పాటు చేశామండీ."

ఆ ఏర్పాటు పేరు నెమరు. చూడ్డానికి మంగలి షాపు కుర్చీలా ఉంటుంది. పైన జల్లెడలాంటి టోపీ. కూర్చున్నవాడికి అతని బయోడేటానే మెల్లగా చదివి వినిపిస్తారు. ఒక్కో వాక్యానికి దాని వెనకున్న రోజులు మెదడులో కదిలి, తెర మీద ఆకుపచ్చ చుక్కలుగా వెలుగుతాయి. వెలిగిన చోట యంత్రం చిన్నగా ఒక తోపు తోస్తుంది. వారానికొకసారి, మూడు వారాలు. ఆ తర్వాత అడిగిందే తడవుగా మాట వస్తుంది. అయితే జనం రాసుకొచ్చిన బయోడేటాలు ఎంత గజిబిజిగా ఉన్నాయంటే చుక్కలు చెల్లాచెదురుగా వెలిగి ఆరిపోయేవి. ఒక్క వాచ్‌మన్ కాగితానికి మాత్రం చుక్కలన్నీ దీపాల వరసలా వెలిగాయి. ఎవరు రాశారని అడిగితే చింతల్ యాదగిరి పేరు చెప్పాడు. అలా నెమరు కోసం ముందుకొచ్చిన వాలంటీర్లకు బయోడేటాలు రాసే పని యాదగిరికి దొరికింది.

అప్పటికి యాదగిరి షాపు మూతపడి రెండేళ్లు దాటింది. 2041 జనవరిలో ఒక పొద్దున టైపు చేస్తూ చేస్తూనే పక్కకు ఒరిగిపోయాడు. మెదడులో రక్తం గడ్డకట్టింది. కుడిచెయ్యి చచ్చుబడింది, మాట పూర్తిగా పోయింది. అప్పుడతనికి ముప్పై మూడేళ్లు. ఆ తర్వాతి రోజుల గురించి అతనికి తెలిసింది చాలా తక్కువ. కిటికీ ఊచలు, ఒక స్టీలు పళ్లెం, అక్క మొహం, అంతే. ఇప్పుడు నడుస్తాడు, ఎడమచేత్తో టైపు చేస్తాడు, మాట్లాడతాడు. కాకపోతే వాక్యం మధ్యలో ఒక మాట దొరక్క ఆగిపోయి వెతుక్కుంటాడు.

*

అక్క పేరు హైమావతి. అతనికంటే అయిదేళ్లు పెద్ద. అమ్మానాన్నలు పోయాక ఆ రెండు గదుల ఇంట్లో మిగిలింది వీళ్లిద్దరే. పెళ్లి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "టైం దొరకలే" అంటుంది నవ్వకుండా. జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో పరీక్షల విభాగంలో పనిచేసేది. తయారైన మాత్రలు సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చే ల్యాబు అది. అక్కడి గోడ మీద 'రాయనిది జరగనట్టే' అని ఎర్ర అక్షరాలతో ఉండేది. ఏ పరీక్ష చేసినా తేదీ, సమయం, ఫలితం రాసి, చేసినవారు ఒక సంతకం, సరిచూసినవారు ఒక సంతకం పెట్టాలి. రాయకపోతే ఎంత కష్టపడి చేసినా చేయనట్టే లెక్క. ఆ అలవాటు హైమావతికి ఇంట్లోకీ పాకింది. గ్యాస్ సిలిండర్ మార్చినా క్యాలెండర్ మీద తేదీ వేసి సంతకం పెడుతుంది.

తమ్ముడు పడిపోయిన వారానికే ఆ ఉద్యోగం మానేసింది. అతనికి మాట వచ్చి, ఒంటరిగా బస్సెక్కగలిగేదాకా ఇంట్లోనే ఉంది. 2042 డిసెంబరులో మళ్లీ పనికి బయల్దేరితే పాత కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. చివరికి ఒక చిన్న దగ్గు మందు కంపెనీలో సీసాల మూతలు సరిగా బిగిశాయో లేదో చూసే కాంట్రాక్టు పని దొరికింది. తన కింద పనిచేసిన అమ్మాయిలు ఇప్పుడు పెద్ద ల్యాబుల్లో ఉన్నారు. ఆ మాట హైమావతి ఎన్నడూ ఎత్తలేదు కాని, సాయంత్రం వచ్చి చెప్పులు విడిచే తీరులోనే యాదగిరికి తెలిసిపోయేది.

రెండుచోట్ల ఇంటర్వ్యూకి వెళ్లింది. రెండుచోట్లా ఒకటే ప్రశ్న. ఈ ఇరవై మూడు నెలలు ఏం చేశారమ్మా?

"ఇంట్ల ఉన్న సార్ అని చెప్పిన" అంది తిరిగొచ్చి. "ఇంకేం చెప్పాలెరా? మా తమ్మునికి అఆలు దిద్దిచ్చిన అని చెప్పన్నా? ఆడికెల్లి నోట్ల నుంచి ఒక్క మాట రాలే. తల వంచుకుని కూసున్న."

అక్క ఇంత చదువు చదివి మూతలు చూస్తోందంటే కారణం తనే అనుకున్నాడు యాదగిరి. ఆ రాత్రే కూర్చుని అక్క బయోడేటా కొత్తగా రాశాడు. మొదటి ఉద్యోగం 2036–2041. రెండోది 2042 నుంచి ఇప్పటివరకు. నెలల్లేవు. కాగితం నున్నగా అద్దంలా తయారైంది. పెద్ద కంపెనీ ఒకదాంట్లో సీనియర్ ఉద్యోగం పడితే పంపాడు. పది రోజుల్లో ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది.

మూడు వారాల గడువుంది. యాదగిరి డాక్టర్‌ని బతిమాలి అక్కను పదకొండో వాలంటీరుగా నెమరు కుర్చీలో కూర్చోబెట్టాడు. కాగితం తనే చదివాడు. చుక్కలు ఒక్కొక్కటే వెలుగుతుంటే అతని మొహం కూడా వెలిగింది.

"ఒరే, మొట్టమొదలు నేనొక్కదాన్నే పరీక్ష చేసి బ్యాచ్ పాస్ చేసిన దినం యాదికొచ్చిందిరా" అంది హైమావతి టోపీ తీశాక. "చేతులకు స్పిరిట్ వాసన తోటి సహా!"

రెండో వారం తర్వాత ఆమె నడకే మారిపోయింది. వీపు నిటారుగా, మాట టకటకా. అద్దం ముందు నిలబడి ప్రశ్న తనే వేసుకుని జవాబు తనే చెబుతోంది. యాదగిరి వంటింటి గడపలో నిలబడి చూసి మురిసిపోయాడు.

ఆ రోజు అన్నం తింటూ పళ్లెం అంచు మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. మాట లేని రోజుల్లో వాళ్లిద్దరి మధ్యా పుట్టిన భాష అది. రెండు దెబ్బలంటే ఇంకొంచెం వెయ్యి. ఒకటంటే చాలు. మాట వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు.

హైమావతి తలెత్తి చూసింది. "ఏందిరా, పళ్లెం మీద తబలా కొడుతున్నవ్? నోరు లేదా?"

పరాచకం అనుకుని నవ్వేశాడు. ఇంకో సంగతి కూడా గమనించాడు కాని పట్టించుకోలేదు. అతను మాట వెతుక్కుంటూ ఆగితే అక్క ఇదివరకు ఎంతసేపైనా మౌనంగా ఆగేది. ఇప్పుడు వెంటనే ఆ మాట తనే అందించి ముందుకు వెళ్లిపోతోంది. ఇంటర్వ్యూ హడావిడిలో ఉంది పాపం అనుకున్నాడు.

*

శుక్రవారం పరిశోధనశాల గేటు దగ్గర గోవర్ధన్ కనబడ్డాడు. ఏడో వాలంటీరు. ఫ్రిజ్‌ల కంపెనీలో సేల్స్ ఉద్యోగం వచ్చిందని మిఠాయి డబ్బా పట్టుకొచ్చాడు. ఒక లడ్డూ యాదగిరి చేతిలో పెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా కాలిన మచ్చ.

"అన్నా, ఒక మాట అడుగుత, నవ్వద్దు. ఈ మచ్చ నాకెప్పుడు పడ్డది? నీకేమన్న చెప్పిన్నా? మా అమ్మనడిగితే పిచ్చోన్ని చూసినట్టు చూసింది."

యాదగిరికి తెలుసు. మొదట కూర్చున్న రోజు గోవర్ధన్ అరగంట చెప్పాడు. సుచిత్ర దగ్గర దోస్తుతో కలిసి కర్రీ పాయింట్ పెట్టాడు. ఎనిమిది నెలలకు మూతపడింది. మరిగే నూనె చేతి మీద ఒలికింది అక్కడే. నడవని వ్యాపారం, పైగా జాగా లేదని యాదగిరే ఆ ముక్క కొట్టేశాడు.

"నీది, శంకర్‌ది కర్రీ పాయింట్ ఉండె గదనే. ఆడ కాలింది."

"శంకరెవరన్నా?" అన్నాడు గోవర్ధన్.

లడ్డూ యాదగిరి చేతిలోనే ఉండిపోయింది. ఎందుకో పళ్లెం గుర్తొచ్చింది. తబలా అన్న మాట గుర్తొచ్చింది. లోపలికి వీలైనంత వేగంగా నడిచాడు.

నీలకంఠం హైమావతి మెదడు బొమ్మలు రెండూ పక్కపక్కన తెర మీద పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత కళ్లద్దాలు తీసేశాడు.

"మొదటి వారం ఈ రెండు ఉద్యోగాల చుక్కల మధ్య సన్నగా వెలుగుందండీ. ఇదుగో, ఇక్కడ. రెండో వారానికి లేదు. గట్టిపరుస్తున్నాం అనుకున్నాను గాని, ఆ బలం పక్కనున్నదాంట్లోంచి లాక్కుంటోందని చూసుకోలేదు. పేజీలో లేనిది ఎండిపోతోందండీ." మళ్లీ తెర వైపు తిరిగాడు. "అయినా ఇంత శుభ్రంగా ఎలా పోయిందబ్బా? ఈ ఉద్యోగాలకి నెలలు వేయలేదేంటండీ మీరు?"

"నెలలేస్తే ఖాళీ కనబడుతది సార్. సంవత్సరాలే వేస్తే... వేస్తే..." మాట దొరకలేదు. నీలకంఠం ఆగాడు. "అతుక్కుంటది" అన్నాడు యాదగిరి చివరికి. "అది నా పనితనం సార్."

"ఒకటి అయిపోగానే రెండోది మొదలైందని మనమే చదివి వినిపించాం. మెదడు నమ్మేసింది."

"మళ్ల వస్తదా?"

"మూడోసారి కూర్చోబెట్టకపోతే ఉన్నదేదో నిలుస్తుందండీ. పోయింది మాత్రం... మీకు అబద్ధం చెప్పలేను. ఆ రోజులు తెలిసినవాళ్లు ఎవరైనా రాసిస్తే, వినిపించి చూడొచ్చు."

"ఆ దినాలు ఎర్కున్నది మా అక్కకొక్కదానికే సార్" అన్నాడు యాదగిరి. "నేను అండ్ల రోగిని."

నీలకంఠం లేచాడు. వెళ్లి నెమరు స్విచ్చి ఆపేసి, కుర్చీ మీద గుడ్డ కప్పాడు.

*

మర్నాడు పొద్దున హైమావతి ఇంటర్వ్యూకని నూలు చీర ఇస్త్రీ చేస్తోంది. మధ్యాహ్నం మూడోసారి కూర్చోవాలనే అనుకుంటోంది. సోమవారం ఇంటర్వ్యూ.

"అక్కా, నాకు మాట పోయిన సంగతి యాదికుందా?"

"లేకేం? దవాఖానల ఉంటివి గద. నెల దినాలో ఏమో. మంచిగైతివి."

"మల్ల మాటలు ఎవరు నేర్పిన్రు నాకు?"

హైమావతి ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని ఒక క్షణం ఆలోచించింది. "దవాఖానోళ్లే. ఇంకెవరు?"

యాదగిరికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఏడుస్తూనే, మాటమాటకీ ఆగుతూ అంతా చెప్పాడు. కొట్టేసిన నెలలు, ఆరిపోయిన వెలుగు, గోవర్ధన్ చెయ్యి. అతను మాట కోసం ఆగిన ప్రతిచోటా హైమావతి ఏదో ఒక మాట అందించింది. అందించినవన్నీ తప్పే అయ్యాయి.

చెప్పడం అయ్యాక మంచం కింది ట్రంకుపెట్టె బయటికి లాగాడు. అడుగున నాలుగు పొడుగాటి రిజిస్టర్లు, ఎర్ర అట్టలవి. అవి ఉన్నాయని అతనికి తెలుసు. ఆఖరి నెలల్లో వాటిలో సంతకం పెట్టినట్టు గుర్తుంది. చదవడానికి మాత్రం ఏనాడూ ధైర్యం చాలలేదు.

హైమావతి మొదటిది తెరిచింది. పేజీకి ఆరు గళ్లు. తేదీ, సమయం, చేసిన పని, ఫలితం, చేసినవారు, సరిచూసినవారు.

3 ఫిబ్రవరి. ఉదయం 9.10. 'అ' పలికించాను, ఇరవై సార్లు. ఫలితం: శబ్దం లేదు. హైమావతి.

4 ఫిబ్రవరి. ఉదయం 9.05. 'అ' పలికించాను, ఇరవై సార్లు. ఫలితం: శబ్దం లేదు. హైమావతి.

అలాంటివి ముప్పై తొమ్మిది వరసలు. నలభయ్యోది వేరు.

14 మార్చి. ఉదయం 8.40. పప్పన్నం తినిపిస్తుండగా, అడగకుండానే ఒక మాట: 'ఉప్పు'. స్పష్టంగా. గమనిక: పప్పులో ఉప్పు వేయడం నిజంగానే మరిచాను. హైమావతి.

సరిచూసినవారి గడి ఖాళీ. జూన్ దాకా ఆ గడి ఖాళీయే. జూన్‌లో ఒక వంకర గీత. ఆగస్టులో 'య' లాంటిదేదో. సంక్రాంతి దాటాక 'యాద'. నాలుగో రిజిస్టర్లో ప్రతి వరసకీ పూర్తిగా 'యాదగిరి', ఎడమచేత్తో.

హైమావతి మధ్యాహ్నం దాకా చదువుతూనే ఉంది. మొదట ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారిలా చదివింది. పేజీల అంకెలు వరసగా ఉన్నాయో లేదో చూసింది. కొట్టివేతలు ఒక్క గీతతోనే ఉన్నాయా, పక్కన పొట్టి సంతకం ఉందా అని వేలితో తడిమి చూసింది. "మంచి పని" అంది తనలో తనే, ఎవరి గురించో అన్నట్టు. తర్వాత తర్వాత వేలు ఆగిపోయింది. ఉత్తగా చదివింది.

"రాత నాది" అంది చివరికి. "సంతకం నాది. నాకు ఒక్క అక్షరం యాదికి లేదురా." కళ్లు తుడుచుకుని, ఒక్కసారిగా గొంతు పెంచింది. "నన్నడగకుండ నా రెండేండ్లు ఎట్ల తీసేసినవ్‌రా?"

"నీకు ఉద్యోగం రావాలని..."

"రావాలె. వద్దన్ననా? కని అవి నావి గదరా. సుఖంగ ఉన్నయో కష్టంగ ఉన్నయో, నావి. ఉంచుకుంటనో పారేస్తనో నేను జెప్పాలె. నువ్వెవ్వడివి?"

యాదగిరి తల వంచుకున్నాడు. ఖాళీ అనుకుని తను కొట్టేసినచోటే అక్క అందరికంటే ఎక్కువ పని చేసింది.

కాసేపటికి హైమావతి లేచి, చల్లారిన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "కంప్యూటర్ తెరువ్. మల్ల రాయి. నెలలెయ్యి."

"నెలలేస్తే అడుగుతరక్కా."

"అడగనీ."

రాశాడు. 2041 జనవరి – 2042 డిసెంబరు: పక్షవాతంతో మాట పోయిన తమ్ముడికి ఇంటి దగ్గర మాట నేర్పడం. ఆరు వందల ఎనభై ఆరు రోజుల రోజువారీ నమోదు, నాలుగు రిజిస్టర్లు, చూపగలను. అంకెలతో సహా కుదిరింది కాని, పేజీ దాటి మూడు వరసలు కిందికి జారాయి.

"రెండో పేజీకి పోతున్నది" అన్నాడు.

"ఒక్క పేజీలనే పట్టాలె. నువ్వే అంటవు గద." హైమావతి తెర మీదికి వంగింది. "ఇదేంది? అభిరుచులు, సంగీతం వినుట? నేనెన్నడన్న సంగీతమిన్ననా? తీసెయ్ దాన్ని."

ప్రింటు తీశాక, అడుగున ఎప్పుడూ ఉండే వాక్యం దగ్గర మాత్రం ఆమె పెన్ను ఆగిపోయింది. పైన రాసినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ధ్రువీకరిస్తున్నాను. "నాకు తెల్వదు గదరా ఇది" అంది. "తెల్వనిదానికి సంతకం పెడితే ల్యాబ్‌ల నుంచి ఎల్లగొడతరు." ఒక నిమిషం ఆలోచించి, పక్కన చేత్తో రాసింది. ఇరవై మూడు నెలల వివరాలు రిజిస్టర్ల ప్రకారం. అప్పుడు సంతకం పెట్టింది.

మూడోసారి కుర్చీలో కూర్చోలేదు.

*

సోమవారం యాదగిరి కంపెనీ గేటు ఎదురుగా టీ బండి దగ్గర నిలబడ్డాడు. మూడు టీలు తాగాడు. నాలుగోది చేతిలో ఉండగా హైమావతి బయటికొచ్చింది. మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాడు.

"పని మీద అన్ని అడిగిన్రు. టకటక చెప్పిన" అంది టీ అందుకుంటూ. "ఆఖరికి ఒక పెద్ద మేడమ్ కొత్త కాగితం చూసుకుంట, ఏందమ్మా ఈ ఇరవై మూడు నెలలు అన్నది. రిజిస్టర్లు ముంగట పెట్టిన. పది నిమిషాలు తిప్పింది. మే నెలల ఒక కొట్టివేత చూపెట్టింది. 'చెంబు' కొట్టేసి 'చెప్పు' అని రాసి ఉన్నది. ఇది ఎందుకు మార్చినవ్ అన్నది."

"ఏం చెప్పినవ్?"

"ఉన్నదే చెప్పిన. మేడమ్, నాకు యాదికి లేదు. ఎందుకు లేదో చెప్తే పెద్ద కథ. కని కారణం పక్కన రాసి ఉంటది, చూడుండ్రి అన్న. చూసింది. 'దూరం నుంచి విన్నాను. దగ్గరికి పోయి మళ్లీ అడిగాను' అని ఉన్నది." హైమావతి టీ ఒక గుక్క తాగింది. "అప్పుడు రిజిస్టర్ మూసి, ఇట్ల రెండు చేతుల తోటి పట్టి నాకిచ్చింది. ఫోన్ చేస్తమన్నది."

ఎనిమిదో రోజున ఫోన్ వచ్చింది. సీనియర్ ఉద్యోగం, ఒకటో తారీఖున చేరాలి.

నెమరు మీద కప్పిన గుడ్డ మళ్లీ తీయలేదు. నీలకంఠం జరిగినదంతా, తన పొరపాటుతో సహా, రాసి పైవాళ్లకు పంపాడు. ఒక్కసారి హైమావతికి టోపీ పెట్టి, యంత్రం తోపు లేకుండా, రిజిస్టర్ నాలుగు పేజీలు చదివించి చూశాడు. తెర మీద చీకటి చీకటిగానే ఉంది. యాదగిరి తన కంప్యూటర్లో ఉన్న మొదటి ముసాయిదాలన్నీ తీశాడు. జాగా లేదని తను కొట్టేసిన ముక్కలు ప్రింటు తీసి, మిగతా పదిమంది ఇళ్లకూ తిరిగి ఎవరివి వాళ్లకిచ్చి చేతులు జోడించాడు. ఒకాయన తలుపు మొహం మీదే వేశాడు. గోవర్ధన్‌ని మాత్రం వెంటబెట్టుకుని శంకర్ దగ్గరికి తీసుకెళ్లాడు. శంకర్ అరగంట తిట్టి, తర్వాత మచ్చ కథ మొదటినుంచీ చెప్పాడు.

ఇంట్లో హైమావతి రిజిస్టర్లను పాఠాల్లా చదువుతోంది. పళ్లెం మీద రెండు దెబ్బలు పడితే ఇప్పుడు అన్నం వేస్తుంది. "రెండో రిజిస్టర్, నలభై ఒకటో పేజీ" అంటుంది వేస్తూ. తమ్ముడు మాట వెతుక్కుంటే పెదవులు బిగబట్టి ఆగుతుంది. 'వాడు వెతుక్కుంటున్నప్పుడు అందించరాదు' అని మూడో రిజిస్టర్లో తనే రాసుకుంది. చదివి నేర్చుకున్నదే తప్ప గుర్తొచ్చింది కాదు. ఆ తేడా ఇద్దరికీ తెలుసు. ఒక్కోసారి యాదగిరికి ఆ మౌనం బరువనిపిస్తుంది.

ఒక గడి సంగతి మాత్రం ఆమెను వదల్లేదు. "మార్చి పద్నాలుగు ఎదురుంగ సరిచూసినోళ్ల సంతకం లేదురా. ఎవడన్న ఆడిట్ చేస్తే దొరుకుతం" అనేది.

"నాకు యాదికి లేదక్కా. నీకూ లేదు. నేనెట్ల పెట్టాలె సంతకం?"

"అది నిజమే" అని మూసేసేది.

ఒకటో తారీఖు పొద్దున్నే ఇంట్లో హడావిడి. కొత్త ఉద్యోగంలో మొదటి రోజు. ఒక చేత్తో జడ వేసుకుంటూ ఒక చేత్తో పప్పు దించి, తమ్ముడి పళ్లెంలో వడ్డించింది హైమావతి. యాదగిరి ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. ఏమీ ఆలోచించకుండానే, వెతుక్కోకుండానే మాట బయటికొచ్చేసింది.

"ఉప్పు."

హైమావతి చేతిలోని గరిటె గాలిలోనే ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె గరిటె కింద పెట్టి, పప్పు వేలితో తాకి రుచి చూసింది. లోపలికి వెళ్లి నాలుగో రిజిస్టర్ తెచ్చి, గోడ గడియారం చూసి, ఖాళీగా ఉన్న ఆఖరి పేజీలో నింపాదిగా రాసింది.

ఒకటో తారీఖు. ఉదయం 7.25. పప్పన్నం వడ్డించగా, అడగకుండానే ఒక మాట: 'ఉప్పు'. స్పష్టంగా. గమనిక: పప్పులో ఉప్పు వేయడం నిజంగానే మరిచాను. పాత ఫలితంతో సరిపోయింది.

"ల్యాబ్‌ల అనుమానమొస్తే మల్ల చేసి చూసుడే" అంది. సంతకం పెట్టి, పెన్ను తమ్ముడి వైపు జరిపింది. "ఇది నువ్వు చూసినవ్ గద. పెట్టు."

యాదగిరి కలిపిన చెయ్యి కడుక్కొచ్చి, ఎడమచేత్తో, నెమ్మదిగా, పూర్తి పేరు రాశాడు. హైమావతి సిరా ఆరేదాకా చూసి రిజిస్టర్ మూసింది. తర్వాత లేచి పప్పులో ఉప్పు వేసింది.